ఇండియామార్ట్ షేరు: రాబోయే పోటీని తట్టుకుంటుందా?

గాజులమండ్యం

అందరికీ నమస్కారం. తిరుపతి దగ్గర గాజులమండ్యం పారిశ్రామిక ఎస్టేట్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. హోటళ్ళకు, కల్యాణ మండపాలకు స్టీలు వంట సామాను చేస్తాం. ఇడ్లీ స్టీమర్లు, దోసె పెనాలు, పెద్ద అన్నం స్టీమర్లు, ఇలాంటివి. సరుకు చేసేవాళ్ళనూ కొనేవాళ్ళనూ కలిపే ఇండియామార్ట్ సైటులో డబ్బు కట్టి లిస్టింగ్ పెట్టుకున్నాం. అక్కడి నుంచి వచ్చే ఫోన్లు చూసి నమ్మకం కుదిరి ఆ కంపెనీ షేర్లు కూడా కొన్నాను. ఇప్పుడు నా పొదుపులో అది చిన్న భాగమేమీ కాదు. అందుకే అడుగుతున్నాను.

లెక్కలు నాకు నచ్చాయి. 1996లో మొదలైన సంస్థ. 2019లో 973 రూపాయలకు ఐపీఓకి వచ్చింది, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మింది. 2023లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఉచితంగా. 2024-25లో ఆదాయం సుమారు 1,388 కోట్లు, లాభం 551 కోట్ల దాకా. చెప్పుకోదగ్గ అప్పు లేదు. అయినా షేరు మాత్రం కొన్నేళ్ళుగా లేవడం లేదు. మార్కెట్ దేనికో భయపడుతోంది. ఆ భయం పోటీ గురించేనా? వ్యాపారాల ఫోన్ నంబర్లు ఇచ్చే జస్ట్‌డయల్ రిలయన్స్ చేతికి వెళ్ళింది, అమెజాన్ బిజినెస్ ఉంది, ఉడాన్ ఉంది, ప్రభుత్వం అండతో ఓఎన్‌డీసీ అనే ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ వచ్చింది, ఇప్పుడు ఏఐ. వచ్చే అయిదారేళ్ళలో దీని నోటి దగ్గర ముద్ద లాక్కునేది వీళ్ళలో ఎవరు?

టార్గెట్ ధరలు వద్దు. వ్యాపారం గురించి మాట్లాడండి.

ఎస్వీయూ హాస్టల్

అన్నా, చైనాలో ఈబేకి ఏమైందో ఒకసారి చదవండి. 2003 నాటికి అక్కడ ఈబేదే పైచేయి. ఈచ్‌నెట్ అనే చైనా సైటును కొని దిగింది, అమ్మకందారుల దగ్గర లిస్టింగ్ ఫీజు తీసుకునేది. అదే ఏడాది మేలో అలీబాబా వాళ్ళు టావోబావో పెట్టి లిస్టింగ్ ఫ్రీ అన్నారు. 2006 డిసెంబరుకల్లా ఈబే తన చైనా సైటును టామ్ ఆన్‌లైన్‌తో ఉమ్మడి సంస్థకు అప్పగించి పక్కకు తప్పుకుంది. మూడున్నరేళ్ళలో ఆట అయిపోయింది.

ఇండియామార్ట్ కూడా అమ్మకందారు దగ్గర డబ్బు తీసుకునే సైటే కదా. రేపు రిలయన్స్ వాళ్ళు జస్ట్‌డయల్‌కు చెందిన జేడీ మార్ట్ సైటులో అన్నీ ఫ్రీ అంటే మీరు ఇక్కడ ఎందుకు కడతారు? వాళ్ళకు డబ్బుకు కొరత లేదు. నేనైతే ఈ షేరు ముట్టుకోను.

స్వర్ణముఖి

తమ్ముడూ, కథ నిజమే. కానీ సగమే చెప్పావు. టావోబావో అన్నేళ్ళు ఫ్రీగా నడవడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పెట్టుబడిదారులు ఇచ్చింది కొంత. మరి కొంత అలీబాబా వాళ్ళ బీటుబీ సైటు సంపాదన, అంటే వ్యాపారులు వ్యాపారులకే అమ్మే సైటు. అక్కడ ఫ్యాక్టరీలు ఏడాదికింతని సభ్యత్వం కట్టేవి. అంటే అచ్చం ఇండియామార్ట్ చేసే వ్యాపారమే. ఫ్రీ సైటు ఈబేని ఓడించింది, నిజం. ఆ ఫ్రీ సైటును పోషించిన వాళ్ళలో డబ్బు కట్టించుకునే బీటుబీ సైటు కూడా ఉంది. రెండూ ఒకే కంపెనీవి.

ఇంకో సంగతి. ఇండియామార్ట్‌లో కూడా లిస్టింగ్ ఫ్రీయే. 80 లక్షలకు పైగా అమ్మకందారులు ఊరికే పేరు పెట్టుకుని ఉన్నారు. డబ్బు కట్టేవాళ్ళు 2025 మార్చి నాటికి సుమారు 2 లక్షల 17 వేల మంది. వాళ్ళు కట్టేది లిస్టింగ్ కోసం కాదు, పైన కనపడడానికీ ఎంక్వయిరీలు ముందు అందుకోవడానికీ. కాబట్టి ‘రేపు ఎవరో ఫ్రీ ఇస్తారు’ అన్నదాన్ని నేను పెద్ద ప్రమాదంగా చూడను. రిలయన్స్ రిటైల్ జస్ట్‌డయల్‌ను తీసుకున్నది 2021లో. ఆ తర్వాత ఇన్నేళ్ళలో గాజులమండ్యం గారి షెడ్డుకు జేడీ మార్ట్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆయన్నే అడుగుదాం.

గాజులమండ్యం

వచ్చాయి సార్, కానీ చాలావరకు రిపేరు పనికి, లేదంటే ఒక్క స్టవ్ కావాలని ఇంటివాళ్ళు. ఊరి చుట్టుపక్కల సర్వీసులకు అది బాగా పనికొస్తుంది. ధర్మపురి నుంచో బళ్ళారి నుంచో ‘కొత్తగా హోటల్ పెడుతున్నాం, కిచెన్ మొత్తానికి కొటేషన్ ఇవ్వండి’ అనే ఫోను మాత్రం ఇండియామార్ట్ నుంచే వస్తుంది. అలాంటి ఆర్డరు ఒక్కటి ఖాయమైతే ఏడాది ప్యాకేజీ డబ్బు తిరిగొచ్చినట్టే.

రేణిగుంట పద్దులు

లెక్కల వైపు నుంచి కొంచెం చెబుతాను. ఈ కంపెనీని చూసేటప్పుడు చాలామంది ఆదాయం, లాభం దగ్గరే ఆగిపోతారు. పోటీ దెబ్బ ముందుగా కనపడేది అక్కడ కాదు.

అమ్మకందారు ఏడాదికో రెండు మూడేళ్ళకో డబ్బు ముందే కట్టేస్తాడు. కంపెనీ ఆ మొత్తాన్ని నెలనెలా కొంచెం కొంచెంగా ఆదాయంలో చూపిస్తుంది. భోజనం టోకెన్లు పొద్దునే అమ్మేసి మధ్యాహ్నం వడ్డించినట్టు. ఇంకా వడ్డించని టోకెన్ల డబ్బు డిఫర్డ్ రెవెన్యూ పేరుతో బ్యాలెన్స్ షీట్లో అప్పుల వైపు ఉంటుంది. 2025 మార్చికి అది 1,600 కోట్లు దాటింది. అంటే కొత్తగా టోకెన్లు కొనేవాళ్ళు తగ్గినా, ఇంకో ఏడాది పాటు ఆదాయం పెరుగుతున్నట్టే కనపడుతుంది. అందుకని ప్రతి మూడు నెలలకూ ఫలితాలొచ్చినప్పుడు నేను ముందు చూసేది కలెక్షన్స్, అంటే ఆ మూడు నెలల్లో కస్టమర్ల దగ్గర నిజంగా వసూలైన డబ్బు. అది నిరుటి కంటే ఎంత పెరిగిందో చూశాకే మిగతా పేజీలు.

రెండోది, డబ్బు కట్టేవాళ్ళ సంఖ్య. 2021 మార్చిలో లక్షన్నర. 2023 మార్చికి రెండు లక్షలు దాటింది. అక్కడి నుంచి 2025 మార్చికి 2 లక్షల 17 వేలే. మొదటి రెండేళ్ళలో యాభై వేలు పెరిగిన సంఖ్య తర్వాతి రెండేళ్ళలో పదిహేను వేలకు కాస్త అటూ ఇటూ పెరిగింది. మార్కెట్ భయం ఇదీ. ఆదాయం పెరుగుతున్నది ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ వసూలు చేయడం వల్ల. ఒక్కో అమ్మకందారు సగటున ఏడాదికి 60 వేల పైన కడుతున్నాడు. పైన ఉన్న 10 శాతం మందే మొత్తం ఆదాయంలో సుమారు సగం ఇస్తున్నారు.

మూడోది, 551 కోట్ల లాభంలో అంతా సైటు నుంచి వచ్చింది కాదు. చేతిలో రెండున్నర వేల కోట్లకు పైగా ఫండ్లలోనూ బాండ్లలోనూ ఉన్నాయి. వాటి మీద వచ్చేది కూడా లాభంలో పెద్ద వాటాయే. పీఈ, అంటే షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో లెక్కేసేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడాలి. లేకపోతే వ్యాపారం అసలు కంటే చవగ్గానో ఖరీదుగానో కనపడుతుంది.

ఎస్వీయూ హాస్టల్

అయితే కస్టమర్లు పెరగడం ఆగిపోయినట్టే కదా సార్? దేశంలో చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్లే ఆరు కోట్లు దాటాయి. అందులో రెండు లక్షల మందే కడుతున్నారంటే మిగతావాళ్ళకు దీని అవసరం లేదనే అర్థం.

తోతాపురి

అవసరం ఎవరికుందో ఎవరికి లేదో నేను చెప్పగలను. నాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్.

మా సరుకు ఇండియామార్ట్‌లో అమ్ముడుపోదు. అసెప్టిక్ బ్యాగులో 215 కిలోల డ్రమ్ముల లెక్కన గుజ్జు పోయేది జ్యూస్ కంపెనీలకు, ఎగుమతిదారులకు, గల్ఫ్ దేశాలకు. కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. బ్రిక్స్ (తీపి శాతం) ఎంత, యాసిడిటీ (పులుపు) ఎంత, ల్యాబ్ రిపోర్టు ఏమిటి, పోయినేడు వీళ్ళ సరుకు ఎలా ఉంది, ఇవన్నీ వాళ్ళకు ముందే తెలుసు. 2025 సీజన్‌లో నిరుటి గుజ్జు గోడౌన్లలో మిగిలిపోయి, తోతాపురి కాయను అడిగేవాళ్ళు లేక, కిలోకి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలని నిర్ణయించాల్సి వచ్చింది. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల్లో రైతులు పడ్డ బాధ మేమంతా చూశాం. అలాంటి కష్టాన్ని ఏ లిస్టింగ్ సైటూ తీర్చలేదు. కొనేవాళ్ళు పదిమందే ఉన్నచోట సైటుకు పనిలేదు.

కానీ మేము కొనేవి చూడండి. గుజ్జు తీసే పల్పర్ మిషను లోపల స్టీలు జల్లెడ ఒకటి ఉంటుంది. సీజన్ మధ్యలో అది చిరిగితే, టెంక ముక్కలు గుజ్జులోకి దిగుతాయి, లైన్ ఆపాల్సిందే. బయట కాయ లారీలు క్యూలో ఉంటాయి. మిషను చేసిన కంపెనీ వాడు మూడు వారాలు అంటాడు. అప్పుడు ఫోన్ తీసి, జల్లెడ రంధ్రం సైజు కొట్టి, ఇండియామార్ట్‌లో వెతుకుతాం. కోయంబత్తూరులోనో పుణెలోనో మనం పేరు కూడా వినని చిన్న వర్క్‌షాప్ దొరుకుతుంది. డ్రాయింగ్ వాట్సాప్‌లో పంపిస్తాం, రెండు రోజుల్లో బస్సు పార్సిల్‌లో వస్తుంది. బాయిలర్ గ్యాస్కెట్లు, కన్వేయర్ చైన్లు, డ్రమ్ము మూతల క్లాంపులు, ఇలాంటివన్నీ ఇంతే.

కాబట్టి తమ్ముడూ, ఆరు కోట్లలో కిరాణా, టిఫిన్ సెంటర్, టైలరు షాపు తీసేస్తే మిగిలేది తక్కువే. ఎప్పుడో ఒకసారి కొనేది, ఎవరి దగ్గర దొరుకుతుందో తెలియనిది, ధర మాట్లాడుకుంటే గాని తేలనిది. అలాంటి సరుకు చేసేవాడికే ఇది కావాలి. ఉడాన్ అమ్మేది కిరాణా కొట్టు వారం వారం కొనే సరుకు. అది వేరే వ్యాపారం. ఫ్యాక్టరీలకు సామాను అమ్మే మోగ్లిక్స్ సైటు మాత్రం మాకు దగ్గరగా వస్తుంది. గ్లౌజులు, బేరింగులు, టూల్స్ లాంటి స్టాండర్డ్ సరుకు వాళ్ళే బిల్లు వేసి పంపిస్తారు, జీఎస్టీ ఇన్వాయిస్ సరిగ్గా ఉంటుంది. మా ఆడిటర్‌కు అదే ఇష్టం. ఇండియామార్ట్ నుంచి కొంత కొనుగోలు అటు జారుతుందని నాకు అనిపిస్తోంది.

కలం పట్టిన అక్క

తోతాపురి అన్న చెప్పినదానికి అమ్మేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. మాది శ్రీకాళహస్తి, కలంకారీ. నేను డబ్బు కట్టింది వేరే ఒక లిస్టింగ్ సైటుకు. పేరు అనవసరం, అన్నిట్లోనూ పద్ధతి ఇలాగే ఉంటుంది.

మా గుడ్డ కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేసి, వెదురు కలానికి నూలు చుట్టి, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో గీతలు గీస్తాం. తర్వాత ఒక్కో రంగుకు ఒక్కోసారి ఉతుకు. ఒక చీరకు వారాలు పడుతుంది. సైటు నుంచి వచ్చే ఎంక్వయిరీల్లో ఎక్కువ భాగం ‘మీటరు ఎంత, అయిదు వందల మీటర్లు కావాలి, శుక్రవారానికి పంపండి’ అని. వాళ్ళకు కావలసింది మెషిన్ ప్రింట్. ఆ మనిషి నంబరు తెరిచినందుకు నా ఖాతాలో ఒక క్రెడిట్ పోతుంది. అదే ఎంక్వయిరీ ఇంకా కొందరికి కూడా వెళ్తుంది. వాళ్ళలో సూరత్ వాళ్ళు ఉంటే ధరలో నేను నిలబడేది ఎక్కడ? ఏడాది తర్వాత మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పని జరుగుతుండగా తీసిన వీడియోలు పెడతాను. చూసి అర్థమైనవాళ్ళే ఫోన్ చేస్తారు.

నాలాంటి చిన్నవాళ్ళు ఒక్కొక్కరే జారిపోతుంటే ఆ కంపెనీలకు అది పోటీ కాదా? ఏ పెద్ద కంపెనీ వచ్చిందనే చూస్తున్నారు మీరంతా.

రేణిగుంట పద్దులు

అక్కా, మీరు చెప్పిందే ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఇండియామార్ట్ యాజమాన్యమే ఫలితాల కాల్స్‌లో ఒప్పుకునే సంగతి ఇది. గోల్డ్, ప్లాటినం ప్యాకేజీల్లో నెలకు ఒక శాతం ప్రాంతంలోనే మానేస్తారు. కింది మెట్టు ప్యాకేజీ సిల్వర్‌లో నెలవారీ కట్టేవాళ్ళలో మానేసేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. కింది మెట్టులో చేరినవాళ్ళు చేరినట్టే పోతున్నారు, అందుకే మొత్తం సంఖ్య కదలడం లేదు. సేల్స్ టీమ్ ఖర్చంతా పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తేవడానికే సరిపోతోంది.

ఇవాళ సిల్వర్‌లో చేరినవాడే నాలుగేళ్ళకు గోల్డ్ అవుతాడు. కింద నిలబడకపోతే కొన్నాళ్ళకు పైన కూడా కొత్తవాళ్ళు రారు. పైవాళ్ళ మీద ధర పెంచుకుంటూ ఎన్నేళ్ళు నెట్టుకొస్తారు?

మోడరేటర్

చర్చ బాగుంది. ఒక్క మనవి: ‘కొనండి’, ‘అమ్మేయండి’ అని ఎవరికీ చెప్పవద్దు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళే ఆ సలహా ఇవ్వాలి. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోండి. టెలిగ్రామ్ గ్రూపు లింకు పెట్టిన పోస్టు తీసేశాను.

స్వర్ణముఖి

అలీబాబా ప్రస్తావన తెచ్చాను కాబట్టి పూర్తి చేస్తాను. అలీబాబా డాట్ కామ్ అనే బీటుబీ కంపెనీ 2007 నవంబరులో హాంకాంగ్‌లో 13.50 హాంకాంగ్ డాలర్లకు ఐపీఓకి వచ్చింది. మొదటి రోజే దాదాపు మూడింతలై 39.50 దగ్గర ముగిసింది. తర్వాతి ఏడాది ప్రపంచమంతా మాంద్యం, చైనా ఎగుమతులు పడిపోయాయి, షేరు కుప్పకూలింది. కంపెనీ ప్యాకేజీ ధర తగ్గించి జనాన్ని చేర్చుకుంది. 2011లో రెండు వేలకు పైగా మోసగాళ్ళు పెయిడ్ మెంబర్లుగా చేరి కొనేవాళ్ళను ముంచారని కంపెనీయే ప్రకటించింది, సీఈఓ రాజీనామా చేశాడు. 2012లో మాతృసంస్థ అదే 13.50 ఇచ్చి షేర్లన్నీ వెనక్కి తీసుకుంది.

2007 నుంచి 2011కి ఆ కంపెనీ ఆదాయం సుమారు మూడు రెట్లైంది. ఐపీఓలో కొని చివరిదాకా ఉంచుకున్నవాడికి ధరలో పైసా పెరగలేదు. మొదటి రోజు ముగింపు ధరకు కొన్నవాడికి మూడింట రెండు వంతులు పోయింది. దాన్ని ముంచింది పోటీదారు కాదు. ఒకటి, కొన్న ధర. రెండు, కొనేవాళ్ళ నమ్మకం చెడిపోవడం.

ఇప్పుడు మన కంపెనీ చూడండి. 2021 ఫిబ్రవరిలో పెద్ద సంస్థలకు 8,615 రూపాయల చొప్పున షేర్లు అమ్మి వెయ్యి కోట్ల పైన తెచ్చుకుంది. బోనస్ తర్వాత లెక్క వేస్తే అది 4,300 పైచిలుకు. అప్పటి నుంచి 2024-25 దాకా ఆదాయం రెట్టింపైంది, లాభం దాదాపు రెట్టింపైంది. అయినా 2025 ఏడాది పొడుగునా షేరు ఆ ధర దరిదాపుల్లోకి రాలేదు. 2023లో బోనస్ తర్వాత కంపెనీ తన షేర్లను తానే 4,000 చొప్పున 500 కోట్లకు వెనక్కి కొంది (బైబ్యాక్). తీరా చూస్తే ఆ ధర కూడా ఎక్కువే అని తేలింది. షేరు లేవకపోవడానికి పోటీ భయమే కారణం అనుకోనక్కరలేదు, గాజులమండ్యం గారూ. 2021లో అందరూ పదేళ్ళ ఎదుగుదలకు ఒకేసారి ధర కట్టేశారు. ఇన్నాళ్ళూ లాభాలు దాన్ని అందుకునే పనిలోనే ఉన్నాయి.

ఎస్వీయూ హాస్టల్

ఇది నాకు తెలియదు సార్. హాంకాంగ్ సంగతి చదువుతాను. కానీ ఏఐ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇండియామార్ట్‌కు జనం వచ్చేది ఎక్కువగా గూగుల్‌లో వెతికి. అది ఉచితంగా వచ్చే ట్రాఫిక్. రేపు కొనేవాడు గూగుల్‌కే పోకుండా చాట్‌జీపీటీని అడిగితే? అది నేరుగా ముగ్గురు తయారీదారుల పేర్లు, నంబర్లు ఇచ్చేస్తే మధ్యలో ఈ సైటు ఎందుకు? 2025 డిసెంబరులో ఇండియామార్టే కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది కదా, చాట్‌జీపీటీ సమాధానాల్లో తమ లింకులు రానివ్వడం లేదని ఓపెన్‌ఏఐ మీద. కోర్టు వెంటనే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేదు. కంపెనీయే కోర్టు మెట్లెక్కిందంటే ఇది ఊహ కాదు, ఇవాళ్టి సమస్య.

తోతాపురి

మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి అలాగే చేస్తాడు. ముందు చాట్‌జీపీటీని అడుగుతాడు. జల్లెడకు ఏ గ్రేడ్ స్టీలు మేలు, 304 చాలా, 316 కావాలా అనేది చక్కగా చెబుతుంది. ఎవరి దగ్గర దొరుకుతుందంటే మాత్రం పెద్ద కంపెనీల పేర్లే చెబుతోంది. వాళ్ళు ఒక్క జల్లెడ కోసం ఫోన్ ఎత్తరు. ఆ కోయంబత్తూరు వర్క్‌షాప్‌కు వెబ్‌సైట్ లేదు. వాళ్ళ ఫొటోలు, ధరలు, ఫోన్ నంబరు ఉన్నది ఇండియామార్ట్ పేజీలోనే. చిన్నవాళ్ళ సమాచారం ఒకచోట ఉన్నది అక్కడే కాబట్టి ఏఐ కంపెనీలు రేపు దాని దగ్గరికి రావాలి, లేదంటే తామే ఊరూరా మనుషుల్ని పెట్టి సేకరించుకోవాలి. రెండోది అంత తేలిక కాదు.

స్వర్ణముఖి

తేలిక కాదు, నిజమే. కానీ గూగుల్ దగ్గర మ్యాప్స్‌లో ఆ సమాచారం సగం ఇప్పటికే ఉంది. షెడ్డు ఫొటో, నంబరు, పనివేళలు, రివ్యూలు, అన్నీ యజమానే ఉచితంగా పెట్టి ఇస్తున్నాడు. ఏ సరుకు, ఏ సైజు, ఎంత ధర అన్న క్యాటలాగ్ ఒక్కటే అక్కడ లేదు. నన్నడిగితే దీర్ఘకాలంలో భయపడాల్సింది గూగుల్‌కే. రిలయన్స్, ఉడాన్ దాని తర్వాతే.

అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా వేసే నకిలీ సరుకు మార్కెట్ల జాబితాలో కొన్నేళ్ళుగా ఇండియామార్ట్ పేరు ఉంటోంది. దాన్ని కంపెనీ తేలిగ్గా తీసుకోకూడదు. హాంకాంగ్‌లో నమ్మకం పోయినప్పుడు ఏం జరిగిందో పైన రాశాను.

కలం పట్టిన అక్క

గాజులమండ్యం అన్నా, మీకు ఒక ప్రశ్న. మీకు వచ్చే ఫోన్లలో పనికొచ్చేవి నిరుటికంటే పెరిగాయా, తగ్గాయా? మీరు ఎన్ని లెక్కలు చదివినా, కట్టేవాడిగా మీకు తెలిసింది ఇక్కడ మా ఎవరికీ తెలియదు.

గాజులమండ్యం

మంచి ప్రశ్న అక్కా. నిన్న షెడ్డులో కూర్చుని రిజిస్టర్ తిరగేశాను. ఫోన్ వచ్చిన ప్రతి పార్టీ పేరూ, ఊరూ, ఏం అడిగారో రాసే అలవాటు మా నాన్నది, ఇప్పటికీ రాస్తున్నాం. మొత్తం ఎంక్వయిరీలు తగ్గాయి. కానీ ఆర్డరయ్యే ఫోన్లు దాదాపు అలాగే ఉన్నాయి. ఊరికే రేటు అడిగి పెట్టేసేవాళ్ళు తగ్గారు. మాకైతే అది మంచిదే, టైం కలిసొస్తోంది. రెన్యువల్ ధర మాత్రం ప్రతిసారీ పెరుగుతోంది. ఈసారి కూడా కడతాను. ఇంకో రెండుసార్లు ఇలాగే పెరిగితే ఆలోచిస్తాను. నేను ఆలోచించే రోజు వస్తే నాలాంటి ఫ్యాబ్రికేషన్ వాళ్ళు చాలామంది అదే ఆలోచనలో ఉంటారు.

ఇన్ని షేర్లు ఒక్క కంపెనీలో ఉండడం ఎక్కువే అనిపిస్తోంది. వ్యాపారమూ పెట్టుబడీ రెండూ ఒకే సైటును నమ్ముకుని ఉన్నాయి. సగం తగ్గించి ఇండెక్స్ ఫండ్‌లో వేస్తాను. మిగతా సగం ఉంచుతాను, కలెక్షన్స్ చూసుకుంటూ. పద్దులు గారూ, ఆ కలెక్షన్స్ సంఖ్య ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. వార్తల్లో ఎవరూ రాయడం లేదు.

రేణిగుంట పద్దులు

ఎన్‌ఎస్‌ఈ సైటులో కంపెనీ పేరు కొట్టి అనౌన్స్‌మెంట్స్‌లోకి వెళ్ళండి. ఫలితాల రోజే ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్ అని పీడీఎఫ్ పెడతారు. అందులో కస్టమర్ల నుంచి వసూళ్ళు, డిఫర్డ్ రెవెన్యూ, పేయింగ్ సప్లయర్ల సంఖ్య ఉంటాయి. స్టాండలోన్ (కంపెనీ ఒక్కదానివి), కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపినవి) రెండూ ఇస్తారు. మీరు స్టాండలోన్ చూడండి, ఎందుకంటే కన్సాలిడేటెడ్‌లో 2022లో 500 కోట్లకు కొన్న బిజీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వసూళ్ళు కూడా కలిసి ఉంటాయి. పోయినేడాది ఇదే మూడు నెలలతో పోల్చండి, కిందటి మూడు నెలలతో కాదు. మార్చిలో రెన్యువల్స్ ఎక్కువ పడతాయి, ఆ పోలిక మోసం చేస్తుంది.